అంచు మీది నంబరు

మసేరులో ఆ గదికి ఒకటే కిటికీ.
తిరిగితే కాగితాలు లేస్తాయని
ఫ్యాను ఆపేసి ఉంచాడు గుమస్తా ఖెతిసా.
పెన్ను గుమ్మం దగ్గరే లాక్కున్నాడు.
పెన్సిలుతో, చెమటతో కూచున్నాను.

ముత్తాత పేరు ట్లాలి.
రాసేది 'లి', పలికేది 'డి'.
మా సెసోతోలో అంతే. బడిలో
పిల్లలకి చెప్పీ చెప్పీ నా గొంతు అరిగింది.
పిడుగు అని అర్థం.
కేప్‌టౌన్ రేవులో ఓడ ఎక్కించే దొరకి
పిడుగు వినపడలేదు.
చార్లీ అని రాసుకున్నాడు.

'ట' కింద వెతికిన రెండు రోజులూ దండగ.
మూడో రోజు 'చ'.
పదకొండు మంది చార్లీలు.
ఇద్దరికి ఊరు లేదు, ఒకడికి తండ్రి లేడు.
తొమ్మిదోవాడు మావాడు.

7318. చార్లీ, రఫోకా కొడుకు, మఫెతెంగ్.
దియెప్ రేవులో దుంగలు మోసే దళం.
న్యుమోనియా. మరణం 1917, ఏప్రిల్ 11.
పక్కన ఎర్రసిరా టిక్కు.

నవ్వొచ్చింది. ఖెతిసా తలెత్తాడు.
ఈ తప్పు మా ఇంట్లో పాత కథే.
కబురొచ్చిందట, ఎద్దును కోశారట,
అందరూ గుండ్లు గీయించుకున్నారట.
జుట్టు వేలెడు పెరిగేసరికి
సర్కారు కోటు తొడుక్కుని వాకిట్లో నిలబడ్డాడట ట్లాలి.
"నా ఎద్దులో నాకేమైనా మిగిల్చారా?"
అమ్మమ్మ ఈ మాట చెప్పి
కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వేది.
ఎద్దు రంగు కూడా మాకు తెలుసు.
మరి చచ్చిందెవరు?
వందేళ్ళలో ఒక్కరం అడగలేదు.

నా సంచిలో ముక్కుపొడుం డబ్బా,
అందులో ఆయన పతకం.
తుపాకి మోసినవాళ్ళకి వెండి,
దుంగ మోసినవాళ్ళకి కంచు.
ఒక్కనాడూ పెట్టుకోలేదు.
మా అమ్మ చిన్నప్పుడు ముట్టుకుంటే
"లోపల పెట్టు, అది నాది కాదు" అన్నాడట.
గొప్పలు పోని మనిషి అని చెప్పుకునేవాళ్ళం.

భూతద్దం అడిగి అంచు తిప్పాను.
ఏడు, మూడు, ఒకటి.
ఎనిమిది కాదు,
తొమ్మిది.

జాబితాలో ఆ పై వరసకి కింది వరస.
7319. సెఫాకో. కచాస్‌నెక్.
సెఫాకో అంటే వడగళ్ళు.
ఒకే మబ్బులోంచి రాలినట్టున్నారు ఇద్దరూ.
క్షేమంగా తిరిగి వచ్చెను.
పతకం మఫెతెంగ్ కచేరీలో తానే స్వయంగా పుచ్చుకొనెను.
కింద వేలిముద్ర.
దాని పక్కన నా బొటనవేలు ఆనించాను,
ఖెతిసా చూడకుండా.

నంబరు బిళ్ళ కోటు లోపల కుట్టేవాళ్ళట.
జ్వరంతో వణికేవాడికి తన పొడికోటు కప్పి
వాడి తడికోటు తొడుక్కున్నాడా?
రొట్టెముక్కకి మార్చుకున్నాడా?
చీకట్లో చేతికందింది లాక్కున్నాడా?
దానికి ఈ జాబితాలో గడి లేదు.

ముప్పై నాలుగేళ్ళు బతికాడు తరవాత.
కచాస్‌నెక్‌కి గుర్రం మీద ఎన్ని రోజులని?
వెళ్ళాడని మాత్రం ఎవరూ చెప్పలేదు.

అక్కడ ఒక ఇంటికి
క్షేమంగా తిరిగొచ్చినవాడు రాలేదు.
జొహానెస్‌బర్గ్ గనుల్లో
ఇంకోతెని చూసుకున్నాడని తిట్టుకుని ఉంటారు.
ఎద్దును కోయలేదు. గుండు గీయించుకోలేదు.
ఏడవడానికి కూడా వీలు లేకుండా
సంతకం పెట్టొచ్చాడు మావాడు.

తప్పు దిద్దే దరఖాస్తు ఇచ్చాడు ఖెతిసా.
మృతునితో మీ సంబంధం?
ఆ గడి దగ్గర పెన్సిలు మొన విరిగింది.
ఇంకొకటిచ్చాడు.
మడిచి డబ్బా కింద పెట్టుకున్నాను.

కొండల మీదికి బస్సు తెల్లారి ఆరింటికి.
పక్కసీట్లో దుప్పటి కప్పుకున్న పెద్దాయన,
కచాస్‌నెక్ వాడేనట.
మలుపులన్నీ అయ్యాక అడిగాను:
మీవైపు ఎద్దు ఎంత పలుకుతోంది?