గరగర

రైల్వే ఇన్‌స్టిట్యూట్ వెనక కిటికీ కింద
బొగ్గు కుప్ప మీద కూర్చుని విన్నాను మొదట.
లోపల గార్డు క్లెమెంట్ రికార్డు తిప్పుతున్నాడు.
బిట్రగుంటలో ఆ రాత్రి ఏ బండీ లేటు కాలేదు,
నేనొక్కణ్ణే ఇంటికి లేటు.

అది వాయిద్యమని తెలీదు నాకు.
ఎవరో గొంతు సవరించుకుంటున్నాడనుకున్నా,
తిట్టబోయి, మనసు మార్చుకుని,
ముద్దుపేరు పెట్టి పిలిచినట్టు.

"శాక్సఫోను. టెనర్" అన్నాడు క్లెమెంట్,
తరిమెయ్యకుండా.
"లోపలికి రా. కాళ్ళు తుడుచుకో."

అప్పటికి కావలి బ్యాండుసెట్లో
డ్రమ్ము మోసే కుర్రాణ్ణి.
మా మేస్త్రి పెంచలయ్యకు స్వరమంటే
ఇస్త్రీ చొక్కా, మడత పడకూడదు.
రికార్డులో వాడేమో
చొక్కా విప్పి భుజాన వేసుకుని ఊదుతున్నాడు.

ఒకడున్నాడు, ఒకే స్వరం పట్టుకుని
పన్నెండు చుట్లు వదలడు.
షెడ్డులో ఫైర్‌మన్ పారతో బొగ్గు విసిరినట్టు
అదే చోట, అదే చోట, అదే చోట,
నిప్పు తెల్లబడేదాకా.
నేను నవ్వాను. క్లెమెంట్ నవ్వలేదు.
"జేబులో ఒక్క రూపాయే ఉన్నోడు
దాన్నే పన్నెండుసార్లు లెక్కపెట్టుకుంటాడబ్బయా."

ఇంకొకడు ఊపిరిలో సగమే స్వరానికిచ్చి
మిగతా సగం ఊరికే పారబోస్తాడు.
ఆ పారబోసిన గాలే నన్ను నిద్రపోనిచ్చేది కాదు.
తుమ్మలపెంట ఒడ్డున రాత్రిపూట
అల వెనక్కి పోయాక ఇసకలో చిన్న చప్పుడు,
నీళ్ళది కాదు,
నీళ్ళు వదిలేసిపోయిన బుడగలది.

ఆడమనిషి పాడుతుంటే మాత్రం
ఎంత పొగరుబోతయినా అణగిపోయేవాడు.
ఆమె కష్టం చెబుతుంది, ఇతను ఊఁ కొడతాడు.
ఊఁ కొట్టడంలో ఎన్ని రకాలో
మా అమ్మ దగ్గర కూడా అన్ని వినలేదు.

"ఆ గరగర ఎట్టా వస్తది సార్?"
"ఊదేటప్పుడు గొంతులో మూలుగు.
రెండూ ఒకేసారి. అంతే."
అంతేనంట!
సైడింగులో ఖాళీ బొగ్గు వ్యాగనెక్కి
మేస్త్రికి తెలీకుండా తెచ్చిన పాత టెనరుతో
రెండు నెలలు మూలిగాను.
ఇనప గోడలు నా మూలుగు నాకే తిరిగిచ్చేవి,
కొంచెం పెద్దది చేసి.
ముక్కు చీదితే నలుపు.
కుక్కలు వచ్చి వినేవి, పోయేవి.

అల్లూరులో ఒక పెళ్ళి ఊరేగింపు.
జల్లు కొట్టి మూడు పెట్రోమాక్సులూ టప్పున ఆరిపోయాయి.
ఆ చీకట్లో, ఎందుకో నన్నడగొద్దు,
లోపలి బొగ్గంతా అంటుకుంది.
ఒకే స్వరం. పన్నెండు చుట్లు. గరగరతో.
గుర్రం బెదిరింది.
పెళ్ళికొడుకు తలపాగా కాలవలో పడింది.
పెంచలయ్య ఇరవై రూపాయలు కోసి
"అది స్వరమా, ఎనుము ఈనతండాదా?" అన్నాడు.

లైటు మోసే చెంగమ్మ
తడిసిన మాంటిల్ దులుపుకుంటూ పక్కకొచ్చింది.
"ఇందాకటిది ఇంకోసారి అనబ్బా" అంది.
వాయించమనలేదు.
అనమంది.

షెడ్డు పోయింది. ఆవిరి బండ్లు తూకానికి పోయాయి.
క్లెమెంట్ రికార్డులు ఎవరింట్లో వంగిపోయాయో.
చెంగమ్మ అడిగింది మాత్రం
ప్రతి పెళ్ళిలో ఒకసారి,
భోజనాల గోలలో ఎవరూ పట్టించుకోనప్పుడు,
అన్నాను.

మొన్న పై పళ్ళు రెండు రాలిపోయాయి.
రీడు మీద పెదవి నిలవదు,
గాలి పక్కనించి కారిపోతాది.
"నీ పని అయిపోయిందన్నా" అన్నారు సెట్టులో కుర్రాళ్ళు.
నిజమే అనుకుని రాత్రి మిద్దె మీద
నెమ్మదిగా ఊది చూశాను.

సగం స్వరం.
సగం ఇసకలో బుడగలు.
నలభై ఏళ్ళు వెతికి వదిలేసింది
ఇట్టా పళ్ళ సందునించి వచ్చింది.

కట్టుడుపళ్ళకు కొలతలిచ్చాను
కావలి డాక్టరు దగ్గర.
తయారైనాయని రెండుసార్లు ఫోను చేశాడు.
పోవాలి.
ఇంకా పోలేదు.