ఎండ చూడని చోటు

"మోచేతికి పైన, లోపలి వైపు" అన్నాడు కుర్రాడు.
నేను అఫ్రికాన్స్‌లోకి మార్చి చెప్పాను.
ద్రీకా అవ్వ పకపకా నవ్వింది:
"అక్కడ చెయ్యి వేసినవాడు ఒక్కడే,
వాడూ పోయి పదకొండేళ్లు."

గుప్పిట్లో ఇమిడే యంత్రం.
చర్మానికి మూతి ఆనించి
చిటికెడు వెలుగు పోస్తుంది,
ఎంత తాగేసిందో అంకె చూపిస్తుంది.
లోపల, ఎండ చూడని చోట: నలభై ఆరు.
బయట, ముంజేతి మీద: అరవై మూడు.
నడుమ పదిహేడు.
ఆరెంజ్ నది ఒడ్డున ద్రాక్షతోటల్లో
యాభై వేసవుల కూలి అది,
ఆమెకు చేతికందింది అదొక్కటే.

తరవాత చెల్లెలు లేనీ.
లోపలి చేతికే అరవై.
కుర్రాడు అద్దం తుడిచి మళ్లీ పెట్టాడు.
అరవై ఒకటి.
ఒకే అమ్మ, ఒకే అయ్య,
ఒకే రేకుల ఇంట్లో ఒకే దుప్పటి కింద పెరిగినవాళ్లు.

"ఎందుకట?" అంది లేనీ.
జన్యువుకి వాళ్లలో ఏ మాట ఉందో నాకు తెలీదు.
గొర్రె చెవికి పెట్టే గాటు లాంటిది, అన్నాను.
"చెవి గాటు పిల్లకి రాదు" కసిరింది ద్రీకా.
"నల్ల తల వస్తుంది.
ఒకే ఈతలో ఒకటి నల్ల తలతో, ఒకటి తెల్ల తలతో.
ఇది కనుక్కోడానికి ఇంత పెట్రోలు పోసుకొచ్చాడా?"

అతను చెబుతూ పోయాడు, నేను మోస్తూ పోయాను:
ఎండ మితిమీరితే
ఆకుకూర నెత్తురుకిచ్చిన సత్తువ విరిగిపోతుంది,
కడుపులో బిడ్డ వెన్ను సరిగా మూసుకోదు.
అందుకే చర్మం గొడుగు పట్టింది.
మబ్బుల దేశాలకు నడిచిపోయినవాళ్లకి
ఎండ చాలక ఎముకలు వంగాయి,
తరాల మీద తరాలు గడిచి
మెల్లగా గొడుగు ముడిచారు.
అలా ముడిచిన గొడుగొకటి
రెండు వేల ఏళ్ల కిందట
గొర్రెలు తోలుకొచ్చినవాళ్ల వెంట
కలహారి దాకా దిగొచ్చిందట.
ఒక్క అక్షరం తేడా.
అక్కకి రెండు వైపులనుంచీ అందింది,
నీకు అందలేదు.

"అక్షరమా" అంది లేనీ.
ఈసారి ఎవరూ నవ్వలేదు.
"నాకూ తెలుసొక అక్షరం.
అపింగ్టన్ మెజిస్ట్రేటు ఆఫీసు, నాకు ఆరేళ్లు.
జుట్టులో పెన్సిల్ గుచ్చి తల వంచమన్నాడు.
దానిది జారి నేల మీద పడింది.
నాది పడలేదు.
దానికో అక్షరం, నాకో అక్షరం రాసుకున్నాడు.
దాని బడి ఊళ్లో,
నాది రైలుకట్ట అవతల.
అమ్మ ఏ వైపు ఉండాలో చెప్పలేదు,
అడిగితే
తరవాతి వాళ్లు రండి, అన్నాడు."

ద్రీకా తన ముంజేతిని కొంగు కిందకి లాక్కుంది.

కుర్రాడి ముక్కు మీద ఎండకి పొట్టు లేస్తోంది.
"ఏమంటోంది?" అన్నాడు నాతో.
ఇంగ్లీషులో ఇంత బరువు ఎత్తలేక
"పెన్సిల్ గురించి" అన్నాను.
పాపం, చెవి మీదున్నది తీసి
రెండు చేతులా అందించాడు.

లేనీ పుచ్చుకుంది.
మొన తడిమి చూసింది.
నెరిసిన జుట్టులో నిలువునా గుచ్చుకుంది.

దొడ్లోంచి గొర్రె అరుపు వినబడితే
లేచి వెళ్లింది,
ఈనబోయే దాని పక్కన చతికిలబడింది.
పెన్సిల్ అలాగే ఉంది.
తల వంచలేదు.