బ్రాడీపేటలో ఇసుక

పదకొండో రోజు సూర్యలంకలో
సూర్యుడు రాలేదు.
వాయుగుండం వచ్చింది.

అంతర్వేది నుంచి నడిచొచ్చినవాడికి
అక్కడో గీత ఉంటుందనుకున్నాను,
దాటితే అయిపోయిందనిపించేది.
నీటికీ మబ్బుకీ మధ్య గీతే చెరిగిపోయింది,
ఇక నాదెక్కడ?

సరుగుడు చెట్ల కింద వల మడుస్తూ
పోలేరయ్య అడిగాడు: "బస్సు తప్పిందా?"
"లేదు, నడిచే వచ్చా."
"ఈ వానలోనా! ఎవరు పోయారు?"
అతని లెక్కలో
ఇంత దూరం కాలినడకన వచ్చేది
చావుకబురే.

ఎవరూ పోలేదన్నాను.
బీడీ ఇచ్చాడు. అదీ నానిందే, నాలాగే.

పడవవాళ్లు దాటించిన పాయలు,
నిజాంపట్నంలో ఎండుచేపతో పెట్టిన చద్దన్నం,
ఎడమ బొటనవేలికి ఊడిన గోరు,
అతను అడగలేదు, నేను చెప్పలేదు.
మోకాళ్లదాకా దిగి
ఒక అలను అరచేత్తో తట్టి వచ్చేశాను,
హాజరుపట్టీలో సంతకం పెట్టినట్టు.

గుంటూరు బస్సులో అద్దాలన్నీ మూసేశారు.
ఎవరి సంచిలోనో కారం డబ్బా మూత జారి
బాపట్ల దాటాక ఊరూరా తుమ్ములే.
నాలుగు రోజుల నా నడకను
రెండు గంటల్లో మింగి
త్రేన్చకుండా దింపేసింది.

బ్రాడీపేట అడ్డరోడ్డు కాలువై పారుతోంది.
బూట్లు మెడకి వేలాడేసుకుని
మళ్లీ మోకాలి లోతున నడిచాను,
ఈసారి ఉప్పు లేదు, మురుగుంది.

తలుపు తీసి మా అక్క అనసూయ
"అయిందా?" అంది, తువ్వాలు విసిరి.
జవాబుగా గడప మీద బూటు బోర్లించాను.
గుప్పెడు ఇసుక, ఓ చిట్టి గవ్వ.
"ఊడవకు, ఆరనీ."

తెల్లారి చూస్తే
చీమలు ఆ గవ్వను
గోడవారగా మోసుకుపోతున్నాయి,
వాటికింకా చాలా దూరం ఉంది,
బయట వాన తగ్గలేదు.