పుర్రచేతి వాటం

నేను పుట్టిన ఏడు వశిష్ఠకి పెద్ద వరదంట.
లంకలో అరటితోటలు పోయాయి, గొడ్లు పోయాయి,
నేను మాత్రం అమ్మ ఒళ్ళో
ఎడమ బొటనవేలు చప్పరిస్తూ మిగిలానంట.

కుడిచెయ్యి అలవాటు చెయ్యాలని అమ్మ
నా ఎడమ మణికట్టుకి గుడ్డపీలిక కట్టేది.
పప్పన్నం ముద్ద దారి తప్పి గెడ్డానికి పోయేది.
గుడిలో ఎడమచేత్తో కానుక వెయ్యబోతే
ఏలీషా తాత సంచి వెనక్కి లాక్కుని
నేను చెయ్యి మార్చేదాకా కదల్లేదు.
ఐదుపైసల బిళ్ళ అదే. దేవుడూ ఆయనే.

గొర్రెలు కుడివైపు, మేకలు ఎడమవైపు అని
సండే స్కూల్లో చెప్పిన రోజు
రాత్రంతా దుప్పట్లో తల తడుముకున్నాను,
కొమ్ములు మొలుస్తున్నాయేమోనని.

మా పేటలో ఆడపిల్లకి
అక్షరాలకన్నా ముందు లేసు సూది వస్తుంది.
అరుగు మీద వరసగా కూర్చుని
ఒకరి భుజం మీంచి ఒకరు చూసి నేర్చుకుంటారు.
నా మోచెయ్యి పక్కదాని మోచేతికి తగిలేది.
దాని దారం తెగేది, నా వీపు మోగేది.
నా పువ్వు అందరి పువ్వులకీ ఎదురు తిరిగేది,
రేకులన్నీ ఏటి ఎగువకి వాలినట్టు.
నరసాపురం ఏజెంటు వేలితో పక్కకి నెట్టి
"ఇది జత కుదరదమ్మా" అన్నాడు.
ముప్పై ఏళ్ళు ఆ మాట కొంగున కట్టుకు తిరిగాను.

అడిగాను, చెప్పకేం, ప్రార్థనలో:
"తండ్రీ, నన్ను చేసేటప్పుడు
నీ చెయ్యిగానీ మారిందా?"
జవాబు రాలేదు.
కాలవ అవతల ఎవరిదో నీళ్ళ ఇంజను దడదడలాడింది.

తుపాను గుడి పైకప్పు పట్టుకుపోయిన ఏడు
గుప్పెడు బియ్యాలతో రేకులు రావని
స్త్రీల సమాజం లేసుకి దిగింది.
నేర్పాల్సిన సుభాషిణమ్మకి చూపు మందగించింది.
పదకొండుమంది పిల్లలు, చేతుల్లో సూదులు,
ముందు ఎవరూ లేరు.
"ఫీబమ్మా, అల్లరి చెయ్యకుండా కాస్త చూడు"
అన్నారు అమ్మగారు.
చూడమన్నారు, అంతే. నేర్పమనలేదు.

వాళ్ళకెదురుగా చాప మీద కూర్చుని
ఊరికే ఉండలేక సూది తీశాను.
గొలుసు, మెలిక, ముడి.
తలెత్తితే
పదకొండు కుడిచేతులు
నా ఎడమచేతితో పాటు కదుల్తున్నాయి,
రేవు నీళ్ళల్లో నీడ కదిలినట్టు.
భుజం మీంచి తొంగి చూసే పని లేదు,
మనసులో తిరగేసుకునే పని లేదు.
ఎదురుగా కూర్చున్నవాళ్ళకి
నేను అద్దాన్ని.

ఆ రాత్రి గంజి తాగుతూ ఏడ్చాను.
ఇంత ఆలస్యంగానా చెప్పడం అని
ఆయన మీద కాస్త కోప్పడ్డాను కూడా.

రేకులు పడ్డాయి. వాన వస్తే
ఆ మోతకి వాక్యం వినపడదు,
జీవరత్నం అయ్యగారు గొంతు చించుకుంటారు.
నా పిల్లలు పంటెక్కి వెళ్ళి
అవతలి ఒడ్డు సంఘాల్లో నేర్పుతున్నారు.
ఏజెంటు కొడుకు ఇప్పటికీ నా పువ్వు తీసుకోడు.
అది ప్రభువు బల్ల మీది గుడ్డ అంచున ఉంటుంది,
ఎగువకి వాలి.

నిన్న హెప్సిబా వచ్చింది, ఎనిమిదేళ్ళది.
అందరికీ వచ్చింది దానికి రాదు.
నన్ను చూస్తుంది, సూదిని చూస్తుంది,
వేళ్ళు చిక్కుపడతాయి, కళ్ళనిండా నీళ్ళు.
మిగతావాళ్ళు కిసుక్కుమన్నారు.
చూద్దును కదా,
సూది దాని ఎడమచేతిలో ఉంది.
మణికట్టు మీద పీలిక కట్టిన గుర్తు.

ఇన్నేళ్ళలో నా అద్దం పనికిరాని పిల్ల
ఇదొక్కతే.

"ఎదురుగా కాదే" అన్నాను.
చాప మీద కొంచెం జరిగాను.
"నా పక్కకి రా."

వచ్చి కూర్చుంది.
రెండు మోచేతులు ఒకే వైపు లేచాయి,
ఒకే వైపు దిగాయి.
దీపాలు పెట్టేవేళ దాకా
ఒక్కసారీ తగల్లేదు.