కంచంతో గీసిన చక్రం

అరండల్‌పేటలో ఆ గోడ ఇంకా ఉంది, సగం.
మిగతా సగం మీద సెల్‌ఫోన్ల కొట్టు బోర్డు.
రేకు చాటునుంచి కారు ఒక్కటే
ముక్కు బయటపెట్టి
బ్రాడీపేట వైపు చూస్తుంటుంది.

మా సైదులు మావయ్య వేసిన కారు.
అప్పుడు నాకు ఎనిమిదేళ్లు.
రంగుడబ్బాల మూతలు తియ్యడం,
కిరసనాయిలు గుడ్డ అందించడం నా ఉద్యోగం.
జీతం సాయంత్రానికి ఒక గోలీసోడా.

నమూనాకి కంపెనీవాళ్ల కేలండరు ఇచ్చారు.
అందులో కారు ఎంత పొడుగని!
తెనాలి స్టేషన్లో ఆగితే
తోక ప్లాట్‌ఫారం దాటిపోతుంది.
లోపల దొర, దొరసాని, ఇద్దరు పిల్లలు, ఒక కుక్క,
అందరూ కాళ్లు బారచాపుకుని.

మావయ్య జేనతో కొలిచి కొలిచి
బీడీ పొగలోంచి నవ్వాడు.
"బండిని సాగదియ్యలేదే అమ్మాయ్,
మనుషుల్ని కుదించారు.
ఆ దొరసాని కిందికి దిగితే
నీ నడుం దాకా కూడా రాదు."

షోరూం గుమాస్తా పిచ్చేశ్వర్రావు
సైకిలు దిగకుండానే, ఒంటికాలు నేలకానించి,
"ఇంకో మూరెడు పెంచవయ్యా సైదులూ,
మనుషులు తగ్గినా పర్లేదు" అనేసి పోయాడు.

వెనకాల మంచుకొండలు ఉండాలట.
మంచు ఎప్పుడు చూశాడు గనక?
జిన్నింగు మిల్లు వెనక దూదిగుట్టలు తలుచుకుని వేశాడు.
మిరపకాయల బళ్లవాళ్లు ఎడ్లనాపి
"ఈ ఏడు పత్తి బాగా దిగిందే" అనుకున్నారు.

దొరసాని టోపీ రెండుసార్లు వేసి రెండుసార్లు తుడిచాడు.
మూడోసారి కనకాంబరాలు పెట్టాడు.
ఆ తర్వాత ముఖం దానంతటదే
నాంచారత్త ముఖం అయిపోయింది.
కేరేజీ తెచ్చిన అత్త కొంగు నోటికడ్డం పెట్టుకుని
చాలాసేపు చూసింది.
"నన్నింత పొట్టిగా వేశావేం?"
"కారు అమ్ముడుపోవాలి మరి."

చక్రాలు చేత్తో గీస్తే దోసకాయలైనాయి.
అత్త కంచం కడిగి ఇచ్చింది.
నేను రెండు చేతులా గోడకేసి అదిమిపట్టాను.
మావయ్య బొగ్గుముక్క చుట్టూ తిప్పాడు.
ఆ బొమ్మలో అబద్ధం కానివి
ఆ చక్రాలేనని
చాలా ఏళ్లు నమ్మాను.

అసలు కారు నా చేతికొచ్చేసరికి ముప్పై ఏళ్లు.
ప్లీడరు అగస్త్యరాజుగారి మోరిస్ మైనరు,
తుక్కు ధరకి ఓ మూడొందలు ఎక్కువ.
కేలండరు చెప్పనివన్నీ అదే చెప్పింది.

తాళం తిప్పగానే టక్ టక్ టక్, పెట్రోలు పంపు.
దానికి మాట పడిపోతే బానెట్టెత్తి
చెప్పుతో ఒక్కటివ్వాలి.
ఎడమ చెప్పే. కుడిదానికి లొంగదు.
ఎడమకాలితో నేల తొక్కితే
లైట్లు తలదించుకుంటాయి.
మలుపు వస్తే తలుపు పక్క స్తంభంలోంచి
నారింజరంగు చెయ్యి లేస్తుంది,
బళ్లో పిల్లాడు "ఒంటికి సార్" అన్నట్టు.
లేచింది దిగదు.
కుడికి తిరుగుతానని ఊరంతా చెప్పుకుంటూ
తిన్నగా వెళ్లిపోతుంటాను.
శంకరవిలాస్ దగ్గర కానిస్టేబులు
ఇప్పుడు నా చెయ్యి చూడ్డం మానేసి
నా కళ్లలోకి చూస్తాడు.

ఏటుకూరు దగ్గర ఓ చక్రం మూత ఎగిరిపోయి
మిరపచేలో పడింది. దొరకలేదు.
ఆటోనగర్లో మస్తాన్ పెదవి విరిచాడు.
అప్పుడు గుర్తొచ్చింది కంచం.
అత్త అటక మీంచి దింపించి పెట్టి చూశాను.
పెద్దది. రెండు వేళ్లు పెద్దది.
ఆ మేరా పెంచేశావా మావయ్యా!

"అన్నం తినే కంచాన్ని ఆ మురికికి తగిలిస్తావా" అని
అత్త లాక్కుని చీరతో తుడుచుకుంది.
ఎనభై దాటింది.
నడుం ఒంగి, బరువు తగ్గి, చేతికి గాజులు నిలవక
దారంతో కట్టుకుంటోంది.
"ఎక్కించు, ఆ గోడ దాకా పోదాం" అంది.

కంచం ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంది.
అద్దంలో చూస్తే
కిటికీ అంచు మీద కనకాంబరాలు, కళ్లు, అంతే.
కాళ్లు బారచాపుకుంది.
ఇంకా బోలెడు జాగా మిగిలింది.

కుడిచెయ్యి మళ్లీ ఇరుక్కుపోయింది.
అరండల్‌పేట ఎడమకి తిరగాలి.