పోల్చి చూసే నెత్తురు

హైదరాబాద్ నుంచి వచ్చిన డాక్టరమ్మ
మొదలు మందు కొట్టేటోళ్ల పేర్లడిగింది.
అది సులువు. గుక్క తిప్పుకోకుండ చెప్పిన:
తిమ్మప్ప, మద్దిలేటి, ఉసేనప్ప, చిన్న తిమ్మప్ప,
సీడు పత్తిల క్రాసింగుకు పోయే ఆడోళ్లు పదకొండుమంది.

"ఇంకో పదిమంది కావాలమ్మా,
మందు వాసన ఎరగనివాళ్లు.
వాళ్ల నెత్తురు పక్కన పెట్టి
వీళ్ల నెత్తురు చూడాలి."

నేను ఆశా కార్యకర్తను. పదమూడేండ్లాయె.
ఎవరికి ఎన్నో నెల, ఎవరి బిడ్డకు ఏ సూది బాకీ
రిజిస్టరు తెరవకుండ చెప్త.
పదిమంది ఎంత పని అనుకున్న.

మగ్గం మునెప్ప కాడికి పోయిన.
గుంతల కాళ్లు పెట్టి బతికినోడు,
ఎన్నడు చేను మొకం చూడనోడు.
వేళ్లు చాపి చూపిండు, గోళ్ల సందుల నీలం.
"ఈ రంగు డబ్బాల ఏముందో నాకేమెరుక, రాసుకో" అన్నడు.
రాసుకోలే.

కిరాణం గోకారమ్మ
ఉప్పు పాకిట్ల పక్క అరల
మందు సీసాలు వరుసగ పేర్చింది.
ఆ చేత్తోనే నా పిలగానికి బిస్కెటిచ్చింది.

బడి సారు గద్వాల నుంచి బస్సుల వస్తడు.
అంగీ చెయ్యి మడిచి ధైర్యంగ చాపిండు.
బడి గోడ అవతల మద్దిలేటి చేనే.
కొట్టిన దినం కిటికీలు మూస్తమని తనే చెప్పి
తనే చెయ్యి ఎనుకకు తీసుకున్నడు.

ముసలి ఉరుకుందమ్మ మంచం దిగక నాలుగేండ్లు.
తలాపున తాగే నీళ్ల డబ్బా,
తెల్లది, గట్టి మూత.
నాలుగుసార్లు కడిగినమక్కా అన్నది కోడలు.
డబ్బా మీద ఎర్ర త్రిభుజం
సగం గీకి ఉంది.

మా దిక్కు అన్నిటికీ ఒకటే మాట.
పురుగుకు కొట్టేది మందు,
కొట్టొచ్చి ఒళ్లునొప్పులకు తాగేది మందు,
తెల్లారి నేనిచ్చే గోలీ మందు.
"మందులేమైనా వాడుతున్నారా" అని ఫారంల ఉంటే
తిమ్మప్ప నవ్వి నవ్వి దగ్గిండు.
"ఏది తల్లీ?"

తిమ్మప్ప సంతకం జూన్‌ది నా దగ్గరుంది,
నిటారుగ, గడిల ఇమిడి.
అక్టోబర్‌ది ఉంది.
గీత దాటి కిందోని పేరు మీద పడ్డది.
సంతకం ఎట్లున్నదని ఏ ఫారమూ అడుగదు.

టార్చి కొట్టి కంటిపాప చూసుడు నేర్పిండ్రు.
ఆవగింజంతయితే వెంటనే గద్వాల దవాఖానకు.
ఆ రెండు నెలలు పొద్దూకితే టార్చి పట్టుకొనే తిరిగిన.
నేను వాకిట్లకు రాంగనే పిల్లలు
అడగకుండనే కండ్లు ఇంతింత తెరిచి
వరుసగ నిలబడేటోళ్లు.

పదిమంది దొరకలే.
అయిదుగురు కూడ దొరకలే, అబద్ధమెందుకు.
ఆఖరుకు నేనే కుర్చీల కూసొని
నాది తీస్కోండ్రి అన్న.
నాకు చేను లేదు, మా ఆయన ఆటో నడుపుతడు.
నాది మంచి నెత్తురనే అనుకున్న.

ఉగాది ముంగట కాగితాలొచ్చినయి.
ఇంటింటికి పంచిన, చదివి చెప్పిన.
ఈ యేడు పంపు ముట్టొద్దన్న తిమ్మప్పను.
"మరెవరు కొడ్తరు, నువ్వా?" అన్నది పెండ్లాం.
కోపంగ కాదు, నిజంగనే అడిగింది.

నా కాగితం డాక్టరమ్మ వెంటనే ఇయ్యలే.
చేతుల పట్టుకొని కొంచెంసేపు ఊకున్నది.
"నిన్ను ఆ వరుసలో ఉంచలేనమ్మా.
ఈ వరుసకు మారుస్తున్నా."

ఇంటింట తాగిన గ్లాసెడు నీళ్లదా?
కొట్టొచ్చిన అంగీలను తాకిన చేతులదా?
రాత్రి పండుకున్నంక యాదికొచ్చింది,
అయిజ నుంచి ఖాళీగ రాలేక మా ఆయన
సీటు కింద వేసుకొచ్చే పెట్టెలు,
ఆ సీటు మీదనే నేను
టీకాల డబ్బా ఒళ్ల పెట్టుకొని కూసునుడు.

తెల్లారి రిజిస్టర్ల నా పేరు కొట్టేసి
కింద మళ్లీ రాసిన, నలభై రెండో నెంబరు.
సంతకం పెట్టిన.

పెట్టినంక
జూన్‌ల పెట్టినది తీసి
పక్కన పెట్టి చూడబుద్ధి కాలే.