ఏం వరుస

సిరోంచ బస్టాండెనుక కిరాణం కొట్టు మీది గది.
ఆరు కంప్యూటర్లు, నాలుగే నడుస్తయి.
కరెంటు పోతే ఝాడే మేడం
సుద్దముక్కతోని బోర్డు మీద గీతలు గీస్తది,
నిలువు గీతలు, అడ్డం గీతలు.
"హా తక్తా" అంటది.
టేబుల్ అని రాసుకుంట గని
నా కండ్లకు తునికాకు కల్లమే అగుపిస్తది,
ఎండల ఆరబోసిన కట్టల బారులు.

ఓళ్ అంటే వరుస.
మరాఠీ పక్కపొంటి తెలుగు రాసినంక
పెన్ను ఆగింది.
కొత్త మనిషి గడప తొక్కితే
చెంబుతోని నీళ్లిచ్చి మా అవ్వ ముందుగాల అడిగేది గదే గద,
"ఏం వరుసైతవు బిడ్డా?"
వరుస తేలకుంటే మంచం వాల్చి కూసోవెట్టేది,
ఇంటిపేరు, మేనమామ ఊరు, మేనమామ అత్తగారి ఊరు
తవ్వుకుంట తవ్వుకుంట పోయి
ప్రాణహిత అవుతల ఎవలిదో పెండ్లిల
దొరకవట్టేది.
దాన్ని జాయిన్ అంటరని
అవ్వకు ఎవలూ చెప్పలే.

మూడేండ్ల కింద కల్లం కాడ చిట్టా రాసింది నేనే.
దుర్గం పోసక్క అని ముగ్గురుండె.
ఒకామె పొట్టి.
ఒకామె పెనిమిటి పడవ నడుపుతడు.
ఒకామెకు ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు,
అయినా కట్ట కట్టుడుల ఆమెను మించినోళ్లు లేరు.
నాకు యాదికుండె. బుక్కుకు లేదు.
నేను జరమొచ్చి పడ్డ వారం
గుత్తెదారు మనిషి వచ్చి పైసలు పంచిండు.
రెండు వేళ్లు లేనామె నూటపది కట్టల కూలి
పొట్టామె కొంగుల పడ్డది.
ఆమె అబద్ధమాడలే.
పేరు పిలిచిండ్రు, పోయింది.

ప్రైమరీ కీ పాఠం నాడు
పేరు పెడదామన్న ఒక పిలగాడు. నాకు నవ్వొచ్చింది.
ఒకే మనిషి
రేషన్ల పోసక్క, ఆసుపత్రి చిట్టీల పోచూబాయి,
బ్యాంకుల పి. దుర్గం.
ఫోన్ నంబరన్నరు, అది ఇంటికంతటికి ఒకటే.
"అర్థం లేని అంకె ఒకటియ్యి, ఎన్నటికీ మార్చకు"
అన్నది మేడం.
అర్థం లేనిదేనా మారనిది?
పోసక్క మోచేతికి పచ్చబొట్టుండె, మూడు చుక్కలు.
ఎందుకని అడిగితే
"సచ్చినంక ఎంట వచ్చేది గిదొక్కటే" అన్నది.

ఇంకో దినం నల్.
సున్నా అంటే ఆకు తేలే.
నల్ అంటే తెచ్చిందో లేదో నాకు తెల్వదు.
బుక్కుల నేను రెంటికీ ఒకటే అడ్డగీత గీసేది.
ఎన్ని గీసిన్నో.
ఆ రాత్రి అన్నం సయించలే.

చివరికి పాత చిట్టా తెచ్చి ఎక్కించిన,
మనుషులు ఒక టేబుల్, కట్టలు ఒక టేబుల్.
పోసక్కలు ముగ్గురు, మూడు అంకెలు,
ఎవల కట్టలు వాళ్ల ఎనుక.
ఇన్నేండ్లకు విడివిడిగ నిలవడ్డరు.
డిలీట్ పాఠం వచ్చింది.
మొన్న వానకాలం పోయిన మనిషి కద,
ఆమె వరుసనే తీసి చూద్దామని కొట్టిన.
కంప్యూటరు ఒప్పుకోలే.
ఈమెను పట్టుకొని
ఇంకా కట్టలున్నయి, తీసేది లేదన్నది.
మల్ల కొట్టిన. మల్ల అదే మాట.
"అన్నీ కలిపి తుడిచే ఉపాయముంది" అన్నది మేడం.
నేను రాసుకోలే.

కింద కొట్టుల ఎవలో చిల్లర ఎంచుతున్నరు.
ఇంకో టేబుల్ చేసిన, ముట్టిన పైసలని.
ఆమె అంకె కొట్టిన.
పక్క గడి ఖాళీగ వదిలేద్దామనుకున్న,
నల్ అని.
లేదు. ఇది నాకు తెలుసు.
సున్నా.
ఎంటర్ కొట్టిన.